అత్తిముగం నుంచి స్పెయిన్‌కి

బ్యాంకాక్ టూరు ఎవడైనా అమ్ముతాడు. హోసూరు బాగలూరు రోడ్డులో మా ట్రావెల్ ఆఫీసున్న మేడ మీదే నలుగురు అమ్ముతున్నారు. ఫ్యాక్టరీ కుర్రాళ్ళు జట్టుగా వస్తారు, ఫోన్లో పక్కవాడి రేటు చూపిస్తారు, మా ఫ్యాను కింద కూర్చుని మా నీళ్ళు తాగుతారు, చివరికి టికెట్టు మాత్రం పక్కవాడి దగ్గరే కొంటారు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో చెప్పుకుంటారు. సుధామణితో మాట్లాడాలంటే హెల్మెట్ పెట్టుకుని పోవాలని పక్క ఆఫీసువాడు నవ్వుతాడు. వాడి మొహం.

బెంగళూరులో ఒక పెద్ద టూర్ కంపెనీ ఉంది. దాని మేనేజరు ముఖేశ్ ఒకరోజు ఫోన్ చేశాడు. "మేడమ్, యూరప్ వాళ్ళు ఇప్పుడు మన చిన్న ఊళ్ళ మీద కన్నేశారు. జూలైలో స్పెయిన్‌కి ఇరవై మందిని పట్టుకొస్తే హోసూరు ఏజెన్సీ మీదే. మా బోర్డు మీ ఆఫీసుకు పెడతాం," అన్నాడు. హోసూరులో స్పెయిన్‌కి ఎవడు పోతాడయ్యా అని విసుక్కుని ఫోన్ పెట్టేశాను. తర్వాత అతను పంపిన వీడియో తెరిచాను. తెల్లబట్టలు వేసుకుని మెడలో ఎర్రగుడ్డ కట్టుకున్న వందలమంది కుర్రాళ్ళు. ఇరుకు వీధి. వాళ్ళ వెనకే ఎద్దులు. ఓరి దేవుడా, ఇది మన ఆటే కదా అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మా హోసూరు, శూళగిరి, కృష్ణగిరి వైపు జనవరి నుంచి మార్చి దాకా ఊరూరా ఎద్దుల పరుగే. కొమ్ములకు రంగురంగుల పలక కట్టి, రెండువైపులా కట్టెలు పాతిన దారిలో ఎద్దును వదులుతారు. కుర్రాళ్ళు మీదపడి ఆ పలక లాక్కోవాలి. ఎద్దును కొట్టకూడదు, గుచ్చకూడదు. పలక ఎవరికీ దక్కనీయకుండా దాటిపోయిందా, దాని యజమాని ఆ ఏడాదంతా మీసం దించడు. ఈ ఎద్దులవాళ్ళలో చాలామంది కంపెనీలకు పొలాలు అమ్ముకున్నారు. వాకిట్లో కారు ఉంటుంది, కానీ తిరుపతి, ధర్మస్థల తప్ప ఎక్కడికీ పోరు. ఎద్దు కోసమంటే మాత్రం ఎంత దూరమైనా కదులుతారు. ఇరవై మంది దొరికినట్టే అనుకున్నాను.

ఆఫీసులో ఐదేళ్ళుగా నాతో పనిచేసేది చక్రి ఒక్కడే. నరసరావుపేట వైపు మనిషి. ముప్పై ఆరేళ్ళుంటాయి. భార్య ఉదయశ్రీ ఇక్కడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వీసా కాగితాల్లో అక్షరం తప్పు పోనివ్వడు, కంపెనీ పంపిన ప్రతి కాగితం చివరిదాకా చదువుతాడు. స్పెయిన్ కాగితాలు కూడా చదివాడు.

"మేడమ్, పొద్దున వీధిలో పరిగెత్తిన ఎద్దుల్ని సాయంత్రం మైదానంలో చంపేస్తారండి. కత్తితో. అది చూడ్డానికి టికెట్లు కూడా మన ప్యాకేజీలోనే ఉన్నాయి," అన్నాడు.

"ఆ టికెట్లు తీసేయించు. ఆ పూట వాళ్ళను బజారు తిప్పుదాం."

"అది కాదండి. వీళ్ళకి ముందే చెప్పేద్దాం. ఎద్దుని బిడ్డలా చూసుకునే మనుషులు. రేపు తెలిస్తే గొడవవుద్దండి."

నాకు ఒళ్ళు మండింది. "చెబితే ఒక్కడొస్తాడా చక్రీ? నువ్వు నోరు మూసుకుని ఫారాలు నింపు. తెలిస్తే కదా గొడవ!" అన్నాను. అతను ఫారాలు ముందుకు లాక్కున్నాడు.

మొదట పట్టుకున్నది అత్తిముగం ఊరి కేశవప్పను. అరవై రెండేళ్ళ మనిషి. ఆయన మాటంటే చుట్టుపక్కల ఎద్దులవాళ్ళందరికీ గురి. ఆయన ఎద్దు పేరు కెంచడు, ఎర్రటి ఒళ్ళు, మూడేళ్ళుగా పలక ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళ పశువుల కొట్టంలోనే కూర్చుని ఫోన్లో వీడియో చూపించాను. పరుగు అయిపోయేచోటికి చక్రి చేత కత్తిరింపించిన వీడియో.

"ఏమ్మా సుధామణీ, ఆడ కూడా మనోళ్ళే ఉండారా?" అన్నాడు కేశవప్ప, కళ్ళు పెద్దవి చేసి.

"మనోళ్ళు కాదన్నా, ఆ దేశపోళ్ళే. మన మాదిరే ఎద్దుల్ని పరిగెత్తిస్తారు."

ఏడుసార్లు చూశాడు. "ఆ నల్లదాన్ని చూడు. మెడ ఎట్ల ఎత్తిందో! పక్కోళ్ళను లెక్కే పెట్టల్యా. ఒకసారి ఆడికి పోయి దాన్ని ముట్టుకుని మొక్కి వస్తే చాలమ్మా, ఇంక నాకేమీ వద్దు," అన్నాడు.

ఆయన భార్య నంజమ్మ కెంచడికి గడ్డి వేస్తూ అంతా వింటోంది. "పరుగయినంక దానికి ఏమి పెడతారమ్మా? మేము ఉడుకునీళ్ళు పోసి, నూనె రాసి, రాగి గంజి తాపుతాము, దిష్టి తీస్తాము. సాయంత్రం వాళ్ళేమి చేస్తారు?" అని అడిగింది.

"వాళ్ళూ అంతే అక్కా. మంచి దాణా పెడతారు. మెడలో పూలదండ వేస్తారు," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! తడుముకోలేదు కూడా. నంజమ్మ సంతోషపడి నాకు ఇంత మజ్జిగ కలిపి ఇచ్చింది, తాగి వచ్చేశాను.

కేశవప్ప వస్తున్నాడని తెలిశాక జనం కదిలారు. అంచెట్టి నుంచి ఇద్దరు వచ్చారు. పాస్‌పోర్టు కోసం అందరినీ వ్యానులో కృష్ణగిరికి తీసుకుపోయాం. ఇంటిపేరు ఏమిటని ఫారంలో ఉంటే, "అదంతా ఎందుకు, కెంచడోళ్ళ కేశవప్ప అని రాయి, జిల్లా అంతా తెలుస్తాది," అన్నాడు ఆయన. నవ్వి నవ్వి చక్రికి పొలమారింది. మార్చి మొదటికి పద్నాలుగు మంది అయ్యారు. ఇంకా ఆరుగురు కావాలి.

అత్తిముగంలో ఎద్దుల పరుగు పెట్టారు. కేశవప్ప అల్లుడు తిమ్మరాజు ఆ కమిటీకి పెద్ద. పరుగు దారి పక్కనే పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టుకోమని అతనే చోటిచ్చాడు. స్పెయిన్ వాళ్ళ మాదిరి కనబడాలని నేనూ చక్రీ తెల్లబట్టలు వేసుకుని మెడలో ఎర్రగుడ్డ కట్టుకున్నాం. పది గంటలకే ఎండ మాడ్చేస్తోంది. నా ఎర్రగుడ్డ విప్పి సంచిలో పడేశాను. చక్రి విప్పలేదు.

నాలుగైదు వేల మంది ఉంటారు. కట్టెల మీద, ట్రాక్టర్ల మీద, లారీల మీద జనం. ఒక్కో ఎద్దూ వస్తుంటే దుమ్ము లేచి మనుషులు కనబడటం లేదు. మొదటి గంటలోనే ఒకడి తొడ చీరుకుపోయింది, ఇంకొకడి పళ్ళు రాలాయి. అంబులెన్సు ఎక్కుతూ కూడా వాడు ఈల వేశాడు. ఎద్దుకూ ఎద్దుకూ మధ్య మా తెర మీద స్పెయిన్ పరుగు వేస్తున్నాం. జనం కేకలు, చప్పట్లు. "ఇంకోసారి వెయ్యప్పా!" అని అరుపులు. రెండు నిమిషాల వీడియో వాళ్ళకు చాలలేదు. నాలుగోసారి అది మధ్యలో ఆగిపోయి తెర నల్లబడింది. జనం గోల పెట్టారు.

నేను తెర ఉన్న టెంపో ఎక్కాను. నలుగురిలో చక్రిని తిట్టాను, చేతకానివాడివని. నా సంచిలోంచి కంపెనీ ఇచ్చిన పెన్‌డ్రైవ్ తీసి లాప్‌టాప్‌లో గుచ్చాను.

"మేడమ్, దాంట్లో మొత్తం ఉందండి. సాయంత్రం జరిగేది కూడా," అన్నాడు చక్రి.

"నాకు తెలుసులే. పరుగయ్యాక ఆపేస్తాను."

పరుగు మొదలైంది. జనం ఊగిపోయారు. అప్పుడే కృష్ణగిరి మామిడి మండీ వ్యాపారులు ఇద్దరు వచ్చి, మేము కూడా వస్తాం, మా తమ్ముళ్ళు నలుగురు కూడా, అన్నారు. ఆరుగురు! నా కాళ్ళు నేల మీద ఆగలేదు. నేను టెంపో దిగి, ఫారాలు తీసుకురమ్మని చక్రినీ కిందికి పిలిచాను. నంజమ్మ కూర్చున్న ట్రాక్టరు ట్రాలీలోకి వాళ్ళను ఎక్కించి, పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. మైకులో కెంచడి పేరు పిలిచారు. అందరూ లేచి నిలబడ్డారు. దారి మొదట్లో కేశవప్ప పగ్గం పట్టుకుని ఉన్నాడు. ఆయన ముందుకు చూడటం లేదు. మా తెర వైపు చూస్తున్నాడు.

నేనూ తిరిగి చూశాను.

తెర మీద ఇసుక మైదానం, జరీబట్టల్లో ఒక మనిషి. పొద్దున వీధిలో పరిగెత్తిన ఆ నల్ల ఎద్దు. వీపు మీద రంగుకాగితాలు చుట్టిన బల్లేలు గుచ్చి ఉన్నాయి. రక్తం ముందుకాళ్ళ దాకా కారుతోంది. ఆ మనిషి మడమలెత్తి, కత్తిని దాని మెడ వెనక పిడి దాకా దించాడు. ఎద్దు నోట్లోంచి రక్తం పొంగింది. మోకాళ్ళ మీద కూలబడింది. ఇంకొకడు వచ్చి చిన్న కత్తితో మెడ నరం మీద పొడిచాడు. తర్వాత దాని చెవి కోసి ఆ మనిషికి బహుమతిగా ఇచ్చారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు తెల్ల రుమాళ్ళు ఊపుతున్నారు.

అత్తిముగంలో నాలుగైదు వేల మంది ఉన్నారు, ఒక్కరి నోట మాట లేదు. మైకువాడు కూడా ఆగిపోయాడు. ముందు వినబడింది కేశవప్ప కేక. అది మనిషి గొంతులా లేదు. ఆ వెంటనే మొదటి రాయి తెరకు తగిలింది.

తర్వాత రాళ్ళు వానగా పడ్డాయి. తెర పగిలి ముక్కలు కింద ఉన్నవాళ్ళ మీద పడ్డాయి. టెంపోను కుదిపి కుదిపి పక్కకు పడేశారు. జనరేటరు అంటుకుంది. మామిడి వ్యాపారులు ట్రాలీలోంచి దూకి పారిపోయారు. "యాడ ఆ స్పెయిన్ నా కొడుకు? పట్టుకోండ్రా!" అని తిమ్మరాజు అరుస్తున్నాడు. అంత జనంలో తెల్లబట్టలు, మెడలో ఎర్రగుడ్డ ఉన్నది ఒక్క చక్రికే. ఫారాలు చేతిలో పట్టుకుని, మా ట్రాలీకి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు.

మొదటి కట్టె అతని వీపు మీద పడింది, రెండోది మోచేతి మీద. పడిపోయాక కాళ్ళతో తన్నారు, పక్కటెముకల మీద, పొట్టలో, మొహం మీద. ఎర్రగుడ్డ పట్టి మెడకు బిగించి దుమ్ములో ఈడ్చారు. అతని కళ్ళు ఉబ్బిపోయాయి. ఫారాలన్నీ రక్తంలో తొక్కుకుపోయాయి. నేను ట్రాలీ అంచు పట్టుకుని నిలబడ్డాను.

కేశవప్ప జనాన్ని తోసుకుని వచ్చాడు. "ఆగండ్రా!" అన్నాడు. ఆగారు. ఆయన చక్రిని చొక్కా పట్టి లేపి, నా ముందుకు తీసుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. ఆయన మొహమంతా కన్నీళ్ళే.

"అమ్మా సుధామణీ, ఒక్క మాట చెప్పు. ఎద్దుల్ని సంపే చోటికి నన్ను తీర్థం పిలిచినట్ల పిలిస్తిరి గదా. ఈ సంగతి ఎవురు దాచినారు? నువ్వా, వీడా?"

చక్రి తల ఎత్తి నావైపు చూశాడు. ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కంటితో చూశాడు. నోట్లో రక్తం ఉన్నా మాట్లాడగలడు. మాట్లాడలేదు. నేను చెబుతానని అనుకున్నాడు.

నంజమ్మ నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఆడబిడ్డ, దానికేమి తెలుసును? నీకు తెల్దు గదా తల్లీ?"

"నాకు తెల్దన్నా. వీడియో అంతా వాడే చూసుకున్నాడు," అన్నాను.

ఐదేళ్ళలో ఎన్నడూ చక్రిని నేను వాడు అనలేదు.

కేశవప్ప చక్రిని మెడ పట్టి లేపి, కట్టెల దాకా నడిపించి, కుడిచేత్తో ఒక్క తోపు తోశాడు. చక్రి కట్టెల మీదుగా పరుగు దారిలో పడ్డాడు. అవతల ఎవరో అడ్డుకర్ర ఎత్తేశారు. మంటకు, అరుపులకు బెదిరిపోయిన ఎద్దులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది అతన్ని దాటి దూకింది. బతికాడనుకున్నాను. రెండోది తల దించింది. కొమ్ము అతని పక్కలో దిగి, మనిషి మొత్తం గాల్లోకి లేచి, కట్టెకు కొట్టుకుని పడ్డాడు. మూడోదాని గిట్ట అతని దవడ మీద పడింది. ఆ చప్పుడు నాకు వినబడింది. ఇప్పటికీ అన్నం నములుతుంటే వినబడుతుంది.

పోలీసులు లాఠీలు ఝళిపించుకుంటూ వచ్చేసరికి జనం పొలాల మీద పడి పారిపోయారు. కేశవప్ప పారిపోలేదు. కట్టె పట్టుకుని అక్కడే నిలబడి ఉంటే తీసుకుపోయారు.

కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చక్రికి ఆపరేషన్ చేశారు. ప్లీహం తీసేశారు. నాలుగు పక్కటెముకలు విరిగాయి. దవడ రెండు ముక్కలైంది, పళ్ళను తీగలతో బిగించి కట్టేశారు, ఐదు వారాలు నోరు తెరవకూడదన్నారు. పోలీసులు ఎవరు కొట్టారని అడిగితే, మొహాలు గుర్తులేవని కాగితం మీద రాసి ఇచ్చాడు. నా గురించి ఒక్క ముక్క రాయలేదు. ఉదయశ్రీకి కూడా చెప్పలేదు. అది నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే ఆమె నా చేతులు పట్టుకుని, "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమండీ," అని ఏడ్చేది. నేను రోజూ హోసూరు నుంచి బస్సెక్కి పోయేదాన్ని. కొబ్బరినీళ్ళు గొట్టంతో తాగించేదాన్ని. చక్రి తాగేవాడు, నా మొహం చూసేవాడు కాదు. చెబుదామని ప్రతిరోజూ అనుకునేదాన్ని. బస్సు దిగేసరికి ధైర్యం చచ్చిపోయేది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించేది. మర్నాడు మళ్ళీ కొబ్బరిబోండాం కొనుక్కుని పోయేదాన్ని.

తీగలు తీసిన రోజు కేశవప్ప, నంజమ్మ వచ్చారు. ఆయన బెయిలు మీద వచ్చి పది రోజులైంది. మనిషి సగమయ్యాడు. నంజమ్మ చేతిలో రాగి గంజి క్యారియరు. కేశవప్ప మంచం దగ్గరకు వచ్చి, తలపాగా తీసి, చక్రి పాదాల మీద పెట్టాడు.

"నాయనా, కండ్లు మూసుకుపోయి చేసినాను. నన్ను జైల్లో ఎంతకాలం పెట్టినా పోతాను. ఒక్కటి మాత్రం మనసులో ఉండాది, అడిగితే ఏమనుకోవద్దు. మేము నీకేమి చేసినామప్పా? మమ్మల్ని ఎందుకు మోసం చేసినావు?"

చక్రి దవడ మెల్లగా కదిలించాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదు వారాల తర్వాత అతను అన్న మొదటి మాట అది.

"మేడమ్‌నే అడగండి."

ఉదయశ్రీ నావైపు తిరిగింది. నంజమ్మ, కేశవప్ప కూడా తిరిగారు. అదే ప్రశ్న, అదే మనుషులు. పారిపోవడానికి ఇంక చోటు లేదు, ఓపికా లేదు.

"నేనే దాచినాను అన్నా," అన్నాను. "ముందే చెప్పేద్దామని అతను మొత్తుకున్నాడు. నేనే నోరు మూయించినాను. ఆ పెన్‌డ్రైవ్ పెట్టిందీ నేనే. పూలదండ వేస్తారని అక్కకు అబద్ధం చెప్పినాను. నాకు అంతా తెలుసు. ఆ పొద్దు మీరు అడిగినప్పుడు కూడా తెలుసు."

ఉదయశ్రీ చేతిలోని గ్లాసు కింద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడుతుందని ఎదురుచూశాను. కేశవప్పదో, నంజమ్మదో, ఉదయశ్రీ చెప్పుదో. పడితే బాగుండునని ఉంది, నిజంగా. ఎంతసేపటికీ పడలేదు. కళ్ళు తెరిచాను.

కేశవప్ప తన కుడిచెయ్యి చూసుకుంటున్నాడు.

"తప్పులేని బిడ్డను ఈ చేత్తో తోసినాను," అన్నాడు, ఎవరితోనూ కాదు. వార్డు ఇనుప తలుపు దగ్గరకు నడిచాడు. కుడిచెయ్యి తలుపు కీలు సందులో పెట్టాడు. ఏం చేస్తున్నాడో మాకు తెలిసేలోపే ఎడమచేత్తో తలుపు పట్టుకుని, ఒళ్ళంతా బరువు వేసి, లాగి మూశాడు. ఎముకలు విరిగిన చప్పుడు వార్డంతా వినబడింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. నంజమ్మ కేకపెట్టి ఆయన నడుము పట్టుకుని లాగుతోంది. వేళ్ళు నలిగి వేలాడుతున్నాయి, మోచేతి దాకా రక్తం. చక్రి చేతికున్న సెలైన్ సూది పీకేసుకుని, "వద్దు పెద్దాయనా, వద్దు!" అని మంచం దిగి నేల మీద పడ్డాడు. పాకుతూ పోయి కేశవప్ప కాళ్ళు చుట్టేసుకున్నాడు, వెనకే ఉదయశ్రీ అతన్ని పట్టుకుంది. నర్సులు పరిగెత్తుకొచ్చారు.

"నన్ను కొట్టన్నా! ఆ చెయ్యి కాదు, నన్ను కొట్టు!" అని గొంతు చించుకుని అరిచాను. నలుగురూ ఒకరినొకరు పట్టుకుని నేల మీద ఉన్నారు. నా అరుపుకు ఒక్కరూ తల తిప్పలేదు.